దేశం చేసిన యుద్ధానికి ఆటగాళ్లకు శిక్షా? తెలిసినవాళ్లు చెప్పండి

మా అమ్మాయికి వచ్చే వారం స్కూల్లో డిబేట్. యుద్ధానికి దిగిన దేశపు ఆటగాళ్లను నిషేధించాలా అన్నది అంశం. తను ‘నిషేధించాలి’ వైపు మాట్లాడాలి. నాకేమో ఆ వాదన సగమే మింగుడుపడుతోంది.

ఉక్రెయిన్ మీద యుద్ధం కారణంగా 2022లో వింబుల్డన్ టెన్నిస్ టోర్నీ రష్యా, బెలారస్ వాళ్లను రానివ్వలేదు. అంతకు కొన్ని నెలల ముందే రష్యా ఆటగాడు ఆంద్రేయ్ రుబ్లెవ్ దుబాయ్‌లో మ్యాచ్ గెలిచి, కెమెరా అద్దం మీద ‘యుద్ధం వద్దు, ప్లీజ్’ అని రాశాడు. అతనికీ గేటు మూసేశారు. తీరా చూస్తే మహిళల టైటిల్ గెలిచింది మాస్కోలో పుట్టి కజకిస్తాన్‌కు ఆడుతున్న రిబాకినా!

2024 పారిస్ ఒలింపిక్స్ పద్ధతే కాస్త నయమనిపించింది. ఆ రెండు దేశాలవాళ్లు విడివిడిగా ఆడొచ్చు, కానీ జెండా, జాతీయగీతం లేవు. జట్లకు చోటు లేదు. యుద్ధాన్ని బాహాటంగా సమర్థించినవాళ్లకూ, సైన్యంతో ఒప్పందం ఉన్నవాళ్లకూ ప్రవేశం లేదు.

అసలు టెన్షన్ ఒక్కటే. ‘2003లో ఇరాక్ మీద దాడి చేసిన అమెరికా, మరుసటి ఏడాది ఏథెన్స్‌లో సొంత జెండాతోనే ఆడింది కదా’ అని అవతలివాళ్లు అడిగితే ఏం చెప్పాలి? వర్ణవివక్షకు నిరసనగా 1974లో దేశాల మధ్య జరిగే టెన్నిస్ పోటీ డేవిస్ కప్ ఫైనల్లో దక్షిణాఫ్రికాతో ఆడకుండా మన దేశమే కప్పు వదులుకుంది. ఆ ఉదాహరణ ఇక్కడ నిలబడుతుందా, లేక అది వేరే లెక్కా?