బయటి ప్లాస్టరింగ్ మొత్తం కొట్టేయాలా, ఊడినచోట అతుకు చాలా?

కర్నూలు_ఇల్లు: ఇటుక గోడల మిద్దె, కట్టి 22 ఏళ్లు. పడమటి గోడ పెచ్చులూడుతోంది. కింద మూడడుగుల మేర ఉప్పు తేలింది, కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు ఉంది. ఒక మేస్త్రీ నాలుగు గోడలూ కొట్టేయమంటాడు, ఇంకొకాయన అతుకు చాలంటాడు. ఏది సరి?

బేల్దారి_అనంతపురం: ఏళ్లు చూసి కొట్టకూడదన్నా, చప్పుడు చూసి కొట్టాలి. చిన్న సుత్తితో అడుగడుక్కీ మెల్లగా తట్టండి. పట్టున్నచోట టక్కుమంటుంది, ఇటుకను వదిలేసినచోట డొల్లగా మోగుతుంది. డొల్ల చుట్టూ సుద్దముక్కతో గీసుకుంటూ పోతే లెక్క తేలిపోతుంది. గోడలో మూడోవంతు లోపైతే అతుకే మేలు. గట్టిగా ఉన్న పూతను ఉలి పెట్టి ఊడగొడితే ఇటుకల అంచులు రాలతాయి, బాగున్న గోడ పాడవుతుంది.

కడప_సైటింజనీర్: కింది అంతస్తుకు ఆ లెక్క సరే. పైదాకా వెళ్లాలంటే అతుక్కైనా కొత్త పూతకైనా పరంజా ఖర్చు ఒకటే. పైగా పడమటెండకు పాత పూత, కొత్త పూత ఒకేలా సాగవు. అతుకు అంచు వెంబడి గీత పడి, వాన నీళ్లు అక్కడే దూరతాయి. ఆ ఒక్క గోడా పూర్తిగా కొట్టి వేయడమే నయం. మొదటి కోటు 12 మి.మీ., పైన 8. సిమెంటు, ఇసుక 1:5 పాళ్లలో 100 చదరపు అడుగులకు దాదాపు ఒకటిన్నర బస్తా సిమెంటు, 8-9 ఘనపుటడుగుల ఇసుక. పిల్లరూ ఇటుకా కలిసేచోట అటూ ఇటూ ఆరంగుళాలు చికెన్ మెష్ (సన్న తీగ జాలీ) కొట్టాల్సిందే.

బేల్దారి_అనంతపురం: గీత పడేది అంచును పలచగా లాగి వదిలేస్తే సార్. డొల్ల దాటి గట్టి పూతలోకి రెండంగుళాలు పోయి, గ్రైండరుతో నలుచదరంగా కోయాలి. ఇటుకల కీళ్లు అరంగుళం గీకి, దుమ్ము దులిపి, ముందురోజే తడపాలి. సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే మొదటి కోటు పడాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. మన ఎండకు పూతలో నీళ్లు ఇగిరిపోయి సాలెగూడులా నెర్రెలొస్తాయి. ఎప్పుడు వేసినా గోనెపట్టాలు వేలాడదీసి కనీసం 7 రోజులు తడపాలి.

నంద్యాల_పునాది: ఉప్పు ఎందుకొచ్చిందో ఇద్దరూ అడగలేదు. పునాది మీద డీపీసీ (తేమ పైకెక్కకుండా వేసే అడ్డుపొర) లేకపోయినా, గోడవార మట్టి పోసి దాన్ని పూడ్చేసినా నేల తేమ గోడలోకి ఎక్కుతుంది. ఆరేచోట ఉప్పు గడ్డకట్టి పూతను లోపలినుంచి నెడుతుంది. దానిమీద ఎంత గట్టి సిమెంటు పూసినా తేమ ఆగదు, ఇంకా పైకెక్కుతుంది. ముందు ఆ మట్టి తీసేసి, నీళ్లు బయటికి పోయేలా వాలు పెట్టండి. ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపండి, కడిగితే మళ్లీ గోడలోకే ఇంకుతుంది. ఉప్పు బోరు నీళ్లతో మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కలపొద్దు.

పగులు సంగతి వేరు. మీది నల్లరేగడి నేలా? అది ఎండకు కుంచించుకుపోయి వానకు ఉబ్బుతుంది, పునాది దాంతోపాటే కదులుతుంది. పగులుకు చెరోపక్క ఒక చుక్క పెట్టి, మధ్య దూరం కొలిచి, గోడమీదే తేదీ రాయండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడండి. కొలత మారుతుంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. అప్పటిదాకా ఆ మూల పూత వేయడం డబ్బు దండగ.

కడప_సైటింజనీర్: ఉప్పు, పగులు విషయంలో ఒప్పుకుంటున్నా. పై డొల్ల మాత్రం అన్నాళ్లు ఆగదు. కింద మనుషులు తిరిగే దారుంటే వదులైన పెచ్చులు ఈ వారమే దించేయండి, పూత తర్వాత. సన్‌షేడ్ అడుగున కూడా చూడండి. పెచ్చు ఊడినచోట తుప్పు కమ్మి కనిపిస్తే అది ప్లాస్టరింగ్ పని కాదు. కమ్మి వెనక దాకా కాంక్రీటు తొలిచి, వైరు బ్రష్షుతో తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో కప్పాలి.