చిక్కిపోయిన కోళ్లకు నట్టల మందు: ముందు పైపరజినా, నేరుగా ఆల్బెండజోలా?

మెట్టపొలం:
నమస్కారం. 14 నాటుకోళ్లు, ఆరేడు నెలల వయసు. మూడు పెట్టలు బాగా చిక్కాయి. రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగులుతోంది, తురాయి పాలిపోయింది, రెక్కలు వేలాడేసి ఓ మూల కూర్చుంటున్నాయి. రెట్టలో సేమియాల్లాంటి తెల్లటి పురుగులు, ఆరేడు సెంటీమీటర్లవి. షాపులో 2.5 శాతం ఆల్బెండజోల్ సీసా ఇచ్చారు. అది వేస్తే పురుగులన్నీ ఒక్కసారే చచ్చి పేగుకు అడ్డం పడతాయని పక్కింటివాళ్లు ఆపారు. ఏం చేయమంటారు?

తెల్లారగట్ట:
వాళ్లు ఆపి మంచి పని చేశారు. మీరు చూసినవి ఏలికపాములు. కొన్ని పది సెంటీమీటర్లు కూడా దాటతాయి. ఎక్కువైతే పేగులో కుక్కినట్టు ఉంటాయి. అన్నీ ఒకేసారి చస్తే తాడులా పెనవేసుకుంటాయి, నీరసించిన పెట్ట తట్టుకోలేదు. ముందు పైపరజిన్ ఇవ్వండి. ఆరు వారాలు దాటిన కోడికి 100 మిల్లీగ్రాములు, చిన్నదానికి 50. అది పురుగును చంపదు, చచ్చుబడేలా చేస్తుంది. బతికుండగానే రెట్టతో కొట్టుకుపోతుంది. పది పన్నెండు రోజులు ఆగి ఆల్బెండజోల్ వేయండి.

కందనకాయ:
తెల్లారగట్ట అన్నా, మీరు చెప్పింది తిరగబడి ఉంది. ఆల్బెండజోల్ పురుగును తిండి అందకుండా చేసి మెల్లగా చంపుతుంది, దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పురుగులన్నిటినీ గంటల్లో ఒక్కసారే వదిలించేవి పైపరజిన్, లెవామిసోల్. ఉండ కట్టి అడ్డం పడుతుందనే భయమే ఉంటే భయపడాల్సింది వాటితోనే.

ఇంకో మాట. పైపరజిన్ పట్టేది ఎదిగిన ఏలికపాముల మీదే. పేగు గోడలో ఉన్న పిల్లపురుగుల మీద, బద్దెపురుగుల మీద, వెంట్రుకలాంటి సన్నపురుగుల మీద అది పనిచేయదు. మీ 2.5 శాతం సీసాలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, అంటే 0.4 మిల్లీలీటరు.

గంపకింద:
వేపాకు, వెల్లుల్లి నూరి ముద్దలు పెట్టండి. ఖర్చు లేదు.

కందనకాయ:
పెడితే పెట్టండి గానీ, రొమ్ము ఎముక తేలిన పెట్టకు అది వైద్యం కాదండీ. వారం గడిచిపోతుంది, అంతే.

తెల్లారగట్ట:
పుస్తకం లెక్కలు పక్కన పెట్టు తమ్ముడూ. నట్టల మందు వేసిన మర్నాడు చచ్చిన కోడి పేగు కోసి చూస్తే పిడికెడు ఉండ కనిపిస్తుంది. దానికేమంటావు?

కందనకాయ:
ఉండ ఉందన్నది కాదనను. మందు వేయకపోయినా బతికున్న పురుగులే పేగుకు అడ్డం పడతాయి, కొన్నిసార్లు పేగు చిట్లుతుంది కూడా. మర్నాడు చచ్చిందంటే అంతకుముందు రోజే చావుకు దగ్గరపడి ఉండొచ్చు. మందు వేయని కోడిని ఎవరూ కోసి చూడరు, అందుకే నింద ఎప్పుడూ మందు మీదకే వస్తుంది.

రెట్టపరీక్ష:
మీరిద్దరూ ఉండ దగ్గరే ఆగిపోయారు. మెట్టపొలం గారూ, ముందు మూడింటినీ వేరే గంపల కింద పెట్టి తూకం వేయండి. చిక్కిన కోడి బరువు ఈకల వల్ల కంటికి ఎక్కువగా కనిపిస్తుంది. మెడ కింద రొమ్ము దగ్గరుండే మేత సంచి తడిమి చూడండి. పొద్దున్నే గట్టిగా, నిండుగా ఉంటే అడ్డం పడటం అక్కడే మొదలైందని అర్థం, అప్పుడు మందు వేయకుండా డాక్టరుకు చూపించాలి. మెత్తగా, ఖాళీగా ఉంటే ఈరోజు ఎలక్ట్రోలైట్ కలిపిన నీళ్లు, తడిపిన మేత, ఉడికించిన గుడ్డు పెట్టి, మందు రేపు వేయండి.

తాజా రెట్ట డబ్బాలో వేసుకుని పశువైద్యశాలకు తీసుకెళ్తే ఉప్పునీటిలో తేలగొట్టి పురుగు గుడ్లున్నాయేమో చూస్తారు. బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు రెట్టలో కదులుతుంటే అవి బద్దెపురుగులు. వాటికి ఆల్బెండజోల్ మోతాదు కిలోకు 20 మిల్లీగ్రాములకు పెంచాలి, లేదా ప్రాజిక్వాంటెల్ వేయాలి. రెట్టలో నెత్తురు పడుతుంటే మాత్రం కాక్సిడియా (కంటికి కనిపించని పేగు పరాన్నజీవి) అని అనుమానించండి, దానికి ఏ నట్టల మందూ పనిచేయదు. 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు కలిపి ఐదు రోజులు ఇవ్వాలి. ఆ రోజుల్లో బి1 ఉన్న విటమిన్లు కలపకండి, మందు పని తగ్గుతుంది.

గట్టుమీద:
కొక్కెర తెగులు టీకా వేయాల్సి ఉంటే నట్టల మందు వారం ముందే వేయండి. పురుగులున్న కోడికి టీకా సరిగ్గా పట్టదు.

తెల్లారగట్ట:
తూకం వేయండి, ఒక్కోదానికి సిరంజితో పట్టండి అంటున్నారు. రెండొందల వనరాజా జాతి కోళ్లున్నవాడు ఏం చేయాలి? పైపరజిన్ నీళ్లలో కరుగుతుంది. గంటసేపు నీళ్లు తీసేసి, తర్వాత రెండు మూడు గంటల్లో తాగేసేటన్ని నీళ్లలో కలిపి పెడితే పని అయిపోతుంది. ఆల్బెండజోల్ తొట్టి అడుగున పేరుకుంటుంది. పైనీళ్లు తాగిన కోడికి ఏమీ అందదు, అడుగు తాగినదానికి రెండింతలు పడుతుంది.

కందనకాయ:
ఇదే మాట మొదట్లో చెప్పి ఉంటే ఇంత వాదనే ఉండేది కాదు! మీ ఇబ్బంది ఉండ కాదు, తొట్టి. అడిగినాయనవి 14 కోళ్లు. చేత్తో పట్టి వేయొచ్చు. పైగా నీరసించిన కోడి నీళ్లే తాగదు, మందు అందాల్సిన మూడింటికే మీ పద్ధతిలో అందదు.

తెల్లారగట్ట:
గుడ్ల మాట ఎత్తవేం? ఆ ఆల్బెండజోల్ పశువులకని అమ్మే సీసా. మందు వేశాక ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కోళ్ల గురించి దాని మీద రాయరు. రెండొందల పెట్టల గుడ్లు రోజుల తరబడి పారబోస్తే మేత డబ్బు ఎవరిస్తారు? మందు పేరు చెప్పడం తేలికే, ఆ నష్టం మోసేవాడి సంగతి ఎవరూ అడగరు.

కందనకాయ:
సరే, ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. గుడ్లు ఆగుతాయని పనిచేసే మందు పక్కన పెడతారా? పైపరజిన్‌కైనా అదే నియమం ఉంటుందేమో సీసా మీద చూడాలి కదా. మందున్న గుడ్డు కొనుక్కున్నవాళ్ల ఇంట్లో చిన్నపిల్లలు తింటారన్నా.

తెల్లారగట్ట:
అమ్మమని నేనెక్కడా అనలేదు. ఖర్చు కూడా చెప్పమంటున్నాను.

రెట్టపరీక్ష:
గడువు సీసా మీద లేకపోతే డాక్టరును అడిగి రాయించుకోండి. ఆ లోపు గుడ్లు అమ్మొద్దు, ఇంట్లోనూ తినొద్దు.

మీరిద్దరూ వదిలేసింది నేల. రెట్టతో పడిన పురుగు గుడ్డు తడి ఊకలో రెండు వారాల్లో అంటించే దశకు వస్తుంది. ఎండ తగలని తడినేలలో నెలల తరబడి బతుకుతుంది. సున్నం చల్లితే నేల ఆరుతుంది గానీ ఆ గుడ్డు పెంకు మందం, సున్నానికి చావదు. మందు వేసిన రెండు రోజులూ రెట్ట ఎత్తి దూరంగా వేయండి. పాత ఊకంతా చెక్కి తీసి నేలను ఎండకు వదలండి, నీళ్ల తొట్టి కింద తడి లేకుండా చూడండి. మిగతా 11 కోళ్లకూ అదే రోజు మందు పడాలి, అవీ రెట్టతో పురుగు గుడ్లు రాలుస్తూనే ఉంటాయి. మూడు వారాలకు రెండో విడత వేయండి.

గట్టుమీద:
బద్దెపురుగులైతే చీమలు, పెంటపురుగుల ద్వారా వస్తాయి. నేల శుభ్రం అక్కడ ఇంకా ముఖ్యం.

మెట్టపొలం:
తూచాను. 900 గ్రాములు, కిలో, కిలో నూరు. మేత సంచులు మెత్తగానే ఉన్నాయి. అంటే 0.36, 0.4, 0.44 మిల్లీలీటర్లేనా?

రెట్టపరీక్ష:
అవును. సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజి వాడండి. సీసా బాగా ఊపాకే మందు తీయండి. ముక్కు పక్క నుంచి చుక్కచుక్కగా పోయాలి. నాలుక వెనకున్న గాలి రంధ్రంలో పడితే ఊపిరాడదు, నోరు పెద్దగా తెరిచి గొంతులోకి కొట్టకండి.

తెల్లారగట్ట:
మూడు రోజులు రెట్ట చూస్తూ ఉండండి. మధ్యలో రెట్ట వేయడం ఆగినా, మేత సంచి గట్టిపడినా వెంటనే ఇక్కడ రాయండి.