నరికిన అడవిలో చెట్లు ఎక్కువెలా అవుతాయి?

పాలమూరు పంతులు: మా అబ్బాయి ఆరిజోనాలో ఉంటాడు. పోయిన నెల అక్కడి పాండెరోసా పైన్ అడవి చూపించాడు. మనిషి దూరే సందు లేదు, చాలా చెట్లు నా చెయ్యంత లావు కూడా లేవు. 1880కి ముందు అక్కడ బండి తోలేంత ఖాళీ ఉండేదట. పెద్ద మానులు కోసుకుపోయారు, పశువులు గడ్డి మేసేశాయి, నిప్పు పడితే ఆర్పేశారు. దాంతో పిల్లమొక్కలన్నీ బతికి కమ్ముకున్నాయి. కోత వల్ల అడవి చిక్కబడిందిగా! మరి మనవాళ్లకి కోత అంటే ఏడుపెందుకు?

నల్లమల బాటసారి: సార్, చిక్కబడటం వేరు, బాగుపడటం వేరు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున 60 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఒక్క చెట్టు కాండం వైశాల్యం, 10 సెంటీమీటర్లవి 36 కలిస్తే వస్తుంది. ఒకటి కొట్టిన చోట ఇరవై మొలిచాయని మురిసిపోతే ఎలా? ఆ ఇరవై 10 సెంటీమీటర్లవే అయితే, పోయిన మానులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే తిరిగొచ్చినట్టు.

పాలమూరు పంతులు: చెట్టు లావు కొలిచే ఎత్తు 1.37 కాదు, 1.3. నేను చదివాను.

నల్లమల బాటసారి: చాలా దేశాల్లో 1.3. మన దగ్గర 1.37. మీ అబ్బాయి ఉన్నచోటా నాలుగున్నర అడుగులే, అంటే అదే 1.37. ఇదా ఇప్పుడు పంచాయితీ?

దేవరకొండ చిన్నోడు: టేపు ఎవరిదైతే కొలత వాళ్లదే.

అమ్రాబాద్ అంజి: పైన్ కొడితే మామూలుగా మొద్దు చస్తుంది, మళ్లీ విత్తనం పడాలి. టేకు అట్ల కాదు, మొద్దు మీద నాలుగైదు పిలకలు లేస్తాయి. మా నాయన కూపు పనికి, అంటే అడవిల కోతకు గీసిన చోట చెట్లు నరికే పనికి, పోయినోడు. నీళ్లు నిలిచి మొద్దు కుళ్లకుండా, నేలకు ఆనించి ఏటవాలుగా నరకమనేవాళ్లట. ఆ మొద్దుల మీద ఇప్పుడు గుంపులు గుంపులుగా టేకు. లెక్కకు నాలుగు చెట్లు, వేరు ఒక్కటే. తొర్ర మాత్రం ఒక్కటీ లేదు. తొర్ర లేకుంటే చిలుక ఎక్కడ పెడుతుంది గుడ్లు? తొర్రతేనె ఎక్కడిది?

పాలమూరు పంతులు: అంటే అడవిని కొట్టింది మీ నాయనే కదా.

అమ్రాబాద్ అంజి: సార్, మర్యాదగా మాట్లాడండి. మా నాయనకు దొరికింది దినకూలి. టేకు ఎక్కింది లారీ. మొన్న మా అమ్మ ఎండుకట్టెల మోపు తెస్తుంటే ఫారెస్టోళ్లు ఆపి గొడ్డలి గుంజుకున్నారు. మోపు విప్పి చూపించింది, పచ్చిపుల్ల ఒక్కటి లేదు. గొడ్డలి ఇంకా రాలేదు.

పాలమూరు పంతులు: నాయన మాట తప్పే తమ్మీ, వెనక్కి తీసుకుంటున్నా. నా బాధ వేరు. పొలం గట్టు మీద టేకు నేనే నాటి 22 ఏళ్లు. నా చెట్టు నేను కొట్టుకోవడానికి ఏడాదిగా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నా.

నల్లమల బాటసారి: ఆ మాట మొదటే చెబితే సరిపోయేది. అడవిని మధ్యలోకి లాగడమెందుకు?

అమ్రాబాద్ అంజి: మీ గట్టు టేకు మీరు కొట్టుకోండి, మేమెందుకు వద్దంటాం? అడవిల మిగిలిన నల్లమద్ది జోలికి మాత్రం రావద్దు.

నల్లమల బాటసారి: చుట్టుకొలత ఎంతుంది సార్?

పాలమూరు పంతులు: 88 సెంటీమీటర్లు. 1.3 దగ్గర కొలిచాను. టేపు కాస్త వంకరపోయింది, రేపు మళ్లీ చూస్తా.