సంతలో కలంకారీ వేసి చూపించమనడం సబబేనా?

గుడ్డసంచి:
జనవరిలో బెంగళూరు కుమారకృప రోడ్డు మీద జరిగే బొమ్మల సంత, చిత్రసంతె సంగతి ఇది. కర్ణాటక చిత్రకళా పరిషత్తు మొదలుపెట్టిన సంత. అక్కడ ముఖచిత్రాలు గీసేవాళ్ల చుట్టూ జనం మూగుతారు, కాసేపట్లోనే బొమ్మ చేతికొస్తుంది కాబట్టి. అదే లెక్కన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లనూ "కూర్చుని వేసి చూపించండి" అనడం ఏం న్యాయం? ఒక్కపూటలో కలంకారీ అవదు. అయినట్టు చూపించాలంటే అక్రిలిక్ రంగుల డబ్బా తెరవాలి. ఇక అది కలంకారీ ఎట్లా అవుతుంది?

కరక్కాయ:
మొత్తం అవ్వాల్సిన పనేముందండీ? ఒక్క నల్లగీత చాలు. ఆ గీత గీసే ఇనుపనీళ్లను కసిం అంటారు. సీసాలో ఉన్నప్పుడు కసిం పలచటి గోధుమరంగు నీళ్లే. కరక్కాయ పొడి, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డకు తగిలాకే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరూ, కసింలోని ఇనుమూ కలిసి పుట్టే నలుపు అది. డబ్బాలో నుంచి తీసిన నలుపుకూ దీనికీ తేడా ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

యశవంతపుర:
పాలెందుకు? చాలామంది అడిగే ప్రశ్న.

కరక్కాయ:
పాలు పట్టని గుడ్డ మీద గీత సిరా పీల్చే కాగితం మీద చుక్కలా పాకిపోతుంది. పాలలోని కొవ్వు దాన్ని ఆపుతుంది. గేదెపాలలో కొవ్వు ఎక్కువ కాబట్టి అవే వాడతారు. పాలు పట్టించిన గుడ్డను గట్టిగా పిండి అదేరోజు ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలితే పులిసి కంపు కొడుతుంది. అందుకని ఈ పని సంతకు ముందే ఇంట్లో అయిపోవాలి. కసిం కూడా అంతే. తుప్పు ఇనుము, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో 15-20 రోజులు ఊరాలి. సరిగా ఊరకపోతే గీత బూడిదరంగులో ఉండిపోతుంది. మరీ ఘాటుగా ఉంటే కొన్నేళ్లకు గీత ఉన్నచోటే గుడ్డ చివికిపోతుంది.

పటికనీళ్లు:
నల్లగీత దగ్గర ఆగితే నాకూ అభ్యంతరం లేదు. ఆగరు కదా! "ఎరుపు ఎప్పుడేస్తారు?" అని జనం అడుగుతారు, నిర్వాహకులు మొహమాటపెడతారు. ఎరుపు వేసేది కాదు. ఎరుపు రావాల్సినచోట కలంతో పెట్టేది పటిక నీళ్లు, దానికి రంగే లేదు. కనీసం ఒకరోజు ఆరనివ్వాలి. తర్వాత పారే నీళ్లలో ఉతకాలి. కాళహస్తిలో ఈ పనికి స్వర్ణముఖి ఏరు కావలసి వచ్చింది అందుకే. బకెట్లో ముంచితే వదిలిన పటిక మళ్లీ గుడ్డంతా పట్టుకుని, ఉడకబెట్టినప్పుడు తెల్లగా ఉండాల్సినచోట గులాబీ మరకలు తేలతాయి. ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు నీళ్లలో ఉడికించేటప్పుడు కూడా మంట మెల్లగా పెంచాలి, తొందరపడితే ఎరుపు కాస్తా మట్టిరంగుకు దిగుతుంది. ఇవన్నీ ఫుట్‌పాత్ మీద ఎక్కడ చేస్తారు? ఇంకోటి, చూడ్డానికి వచ్చినవాళ్ల చెమట చేతులు. పటిక తడి మీద వేలు పెట్టి పక్కన తాకితే అప్పటికి ఏమీ కనబడదు. ఉడికాక ఎర్రటి వేలిముద్ర!

గుడ్డసంచి:
అసలు నష్టం మీరెవరూ చెప్పట్లేదు. గీత గీయడం ఈ పనిలో అన్నిటికంటే చురుగ్గా సాగే భాగం. చింతబరికెల బొగ్గుతో గుర్తులు పెట్టుకుని, వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ, చేయి తిరిగినవాళ్లు పది నిమిషాల్లో నెమలిని దింపేస్తారు. చూసినవాడికి అనిపించేదేమిటి? "పది నిమిషాల పనికి ఇన్ని వేలా?" ఉతుకులు, పేడనీళ్లలో నానబెట్టి ఎండలో నీళ్లు చల్లుతూ తెల్లబరచడం, నీలం కోసం మళ్లీ పాలు పట్టడం, ఇవేవీ కనబడవు. కనబడని పనికి బేరం ఆడతారు. డెమో ధరను పెంచదు, కోస్తుంది.

కరక్కాయ:
ఇది ఒప్పుకోవాల్సిన మాటే. అయితే మందు డెమో ఆపేయడం కాదు. కలం పట్టిన మనిషి వెనక తాడు కట్టి, ఒకే నెమలి ఉన్న మూరెడు ముక్కలు ఆరు వేలాడదీయండి: పాలు పట్టినది, నల్లగీతది, ఉడికించినది, తెల్లబరచినది, పసుపూ నీలమూ పడినది, చివరి ఉతుకు అయినది. ప్రతి ముక్క కింద ఎన్ని రోజులు పట్టిందో తెలుగులో, కన్నడంలో రాయండి. బేరం ఆడేవాడి చూపు ముందు అక్కడికే పోతుంది.

పటికనీళ్లు:
ఏడో ముక్క కూడా పెట్టండి. బకెట్లో ఉతికి పాడైనది.

గుడ్డసంచి:
పాడైన గుడ్డను తన స్టాల్లో ఎవరు కడతారన్నా? వెళ్లేవాడు అదే ఫోటో తీసి "రంగు పోయింది" అని పెడతాడు.

పటికనీళ్లు:
మీద "ఇలా చేయకూడదు" అని పెద్ద అక్షరాల్లో రాస్తే పెట్టడు. పెట్టినా ఆ అక్షరాలు ఫోటోలో ఉంటాయి. గీత మాత్రం స్క్రీన్ ప్రింటు వేసి, రంగులు చేత్తో నింపి "పెన్ కలంకారీ", అంటే అంతా కలంతో గీసిందే, అని అమ్మేవాడు ఆ ముక్కను కట్టలేడు, వాడి దగ్గర ఉతుకే లేదు మరి. బందరు అచ్చు కలంకారీ వాళ్లను అనట్లేదు, వాళ్లు అచ్చు అని చెప్పే అమ్ముతారు.

యశవంతపుర:
డబ్బు మాట? గీసేవాడు అమ్మలేడు, అమ్మేవాడు గీయలేడు. చేతిలో కసిం ఉండగా చిల్లర ఇవ్వబోతే ఆ చుక్క అమ్మకానికి పెట్టిన గుడ్డ మీద పడుతుంది.

కరక్కాయ:
చుక్క ఆరకముందే నిమ్మరసం పెడితే నలుపు వదులుతుంది, కానీ అక్కడ కరక్కాయ కూడా కొట్టుకుపోతుంది. మళ్లీ గీత పట్టదు. అందుకే ఇద్దరు ఉండి తీరాలి. రెండో మనిషి రోజుకూలీ, దారిఖర్చు పిలిచినవాళ్లు పెట్టుకోవాలి. "మీకే ప్రచారం కదా" అనేవాళ్ల పిలుపుకు పోకపోవడమే మేలు.

గుడ్డసంచి:
కూలీ ఇస్తే, అక్రిలిక్ లేకుంటే, నల్లగీత దగ్గర ఆపితే సరే. మూడింట్లో ఒక్కటి తప్పినా నేను వద్దనే అంటాను. గీసిన ముక్కను అక్కడికక్కడే అమ్మమంటే? ఉతకని గుడ్డ అది.

పటికనీళ్లు:
అమ్మకూడదు. కొన్నవాడు ఇంట్లో బకెట్లో ముంచుతాడు.