లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసు ఇంకా పెండింగ్ అని చూపిస్తోంది, అర్జీ ఎక్కడ పెట్టాలి?

2019లో పొలం గట్టు గొడవలో నా మీద ఐపీసీ 323 (కొట్టడం), 506 (బెదిరించడం) కింద కేసు పెట్టారు. 2021లో లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది, సీఆర్‌పీసీ (అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 320(8) ప్రకారం అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. అయినా ఇప్పుడు కొత్త ఉద్యోగం వెరిఫికేషన్‌లో ‘పెండింగ్’ అని వచ్చింది. కేసు సంగతి ఫారంలో నేనే రాశాను, దాచిందేమీ లేదు. లోక్ అదాలత్ అవార్డు (రాజీ తీర్పు) సర్టిఫైడ్ కాపీ పంపితే హెచ్‌ఆర్ వాళ్లు అది చాలదు, క్లియర్‌గా ఉన్న పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) కావాలన్నారు. స్టేషన్‌కి మూడుసార్లు వెళ్లాను, కాపీ తీసుకుని సీసీటీఎన్‌ఎస్‌లో (పోలీసుల కంప్యూటర్ రికార్డులో) మారుస్తామన్నారు గానీ 24 రోజులైనా మారలేదు, రెండోసారి పెట్టిన పీసీసీ కూడా అదే రిమార్కుతో వచ్చింది. ఆఫర్ గడువు ఇంకా 12 రోజులే, చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి, రికార్డు త్వరగా మారాలంటే ఎస్పీ ఆఫీసులోని జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరోలో అర్జీ పెట్టాలా, లేక కోర్టు నుంచే స్టేషన్‌కి ఉత్తర్వు వెళ్లేలా చూసుకోవాలా?