కుజుడికీ గురువుకీ మధ్య ఖాళీయేనా?

పోర్టు_రిటైర్డ్: ముప్పై ఏళ్లు విశాఖ పోర్టులో ఇనుప ఖనిజం కుప్పల లెక్కలు రాసి రిటైరయ్యాను. మా అమ్మాయి స్పానిష్ నేర్చుకుంటోంది. మొన్న బీచ్‌లో కూర్చుని పదహారో శతాబ్దపు స్పానిష్ కవి ఫ్రే లూయిస్ దె లియోన్ పద్యం ‘నోచె సెరేనా’ (ప్రశాంత రాత్రి) అర్థం చెప్పింది. (బీచ్ రోడ్డు దీపాల్లో చుక్కలు కనబడితేగా!) అందులో చంద్రుడు, శుక్రుడు, కుజుడు, ఆ వెంటనే గురువు, శని. కుజుడికీ గురువుకీ మధ్య తిరిగే రాళ్లు, ఆ గ్రహశకలాల ఊసే లేదేం?

మద్దిలపాలెం_పాఠకురాలు: అప్పటికి ఎవరికీ తెలియదండీ. ఆయన 1591లోనే పోయారు. వాటిలో మొదట దొరికిన సిరీస్‌ను ఖగోళ శాస్త్రజ్ఞుడు పియాజీ ఇటలీలోని పలెర్మోలో చూసింది 1801 జనవరి 1న. పైగా లూయిస్‌ది ప్లేటో వాసన ఉన్న ఆకాశం. పైనంతా వెలుగు, క్రమం. కిందున్న ఈ నేల చీకటి చెర. ఊరికే అన్నమాట కాదు, 1572 నుంచి 1576 దాకా ఇన్‌క్విజిషన్ (చర్చి విచారణ కోర్టు) జైల్లో ఉన్న మనిషి.

సీతమ్మధార_కుర్రాడు: ఇటలీ తత్వవేత్త బ్రూనోని మర్చిపోకండి అంకుల్. లెక్కలేనన్ని లోకాలున్నాయని 1584లోనే రాశాడు, 1600లో రోమ్‌లో కాల్చేశారు. ఇక పైనంతా క్రమం అంటారా, బెన్నూ అనే గ్రహశకలాన్ని చూడండి. సుమారు అర కిలోమీటరు వెడల్పున్న రాళ్ల కుప్ప. సాంద్రత నీటికంటే కాస్తే ఎక్కువ, లోపల బోలెడు ఖాళీ. 2020లో నాసా నౌక చెయ్యి ఆనిస్తే మెత్తగా దిగబడింది. అక్కడ తీసిన రాళ్లూ మట్టీ 2023లో 121.6 గ్రాములు భూమికి చేరాయి.

పోర్టు_రిటైర్డ్: అయితే మా యార్డే బాబూ! కాకపోతే గంపకి గంప తూస్తే మా ఖనిజమే బరువెక్కువ. అమ్మాయికి చెప్తాను.