చేను గట్టులో దొరికిన రాయి ఆదిమానవుల పనిముట్టా, మామూలు రాయా?

సీమపిల్లోడు:
అన్నా అందరికీ నమస్తే, మాది బేతంచెర్ల పక్కన పల్లె. మొన్న వానలకి చేను గట్టు కోసుకుపోయి ఎర్రమన్నులో అరచెయ్యంత రాయి బయటపడింది, బాదంకాయ ఆకారం, ఒక కొన సన్నగా ఉండాది, చేతిలో సరిగ్గా కుదురుతాంది. మా తాతేమో వాగులో దొర్లి అట్లయింటాదిలే అంటాడు. ఆదిమానవుల ఆనవాళ్లు దొరికిన బిల్లసర్గం గుహలు మాకు దగ్గరే కదా, అందుకే నాకు డౌటు. ఎట్లా తేల్చుకోవాల?

రాళ్లబాట:
తమ్ముడూ ఆకారం చూసి మాత్రం డిసైడ్ అవ్వకు, చేతిలో కుదిరే రాళ్లు ఏ వాగులో అయినా బోలెడు ఉంటాయి. చూడాల్సింది పెచ్చులు లేచిన మచ్చలు. మనిషి ఇంకో రాయితో అంచు మీద కొడితే పెచ్చు లేస్తుంది, దెబ్బ తగిలిన చోటు కిందే ఆ పెచ్చుకి చిన్న ఉబ్బు వస్తుంది, రాయి వైపు దానికి సరిపడా గుంట పడుతుంది, అక్కడ్నుంచి చెరువులో రాయేస్తే లేచే అలల్లాగా గీతలు. ఎండకి పగిలి ఊడిన పెచ్చుకి ఈ ఉబ్బు ఉండదు. అయితే ఒక్క మచ్చతో ఏమీ తేలదు, వరదలో రాళ్లు కొట్టుకున్నా ఒకటీ రెండూ లేస్తాయి, కానీ ఎక్కడపడితే అక్కడ లేస్తాయి. చేతిగొడ్డలికి, అంటే ఆదిమానవులు చేత్తో పట్టుకుని వాడిన రాతి పనిముట్టుకి, రెండు వైపులా అంచు వెంబడి వరసగా ఉంటాయి, ముందు పడిన మచ్చని తర్వాతది కొంచెం తినేస్తూ. ఇంతకీ అది ఏ రాయి? మీ నాపరాయి అయితే పలకలుగా విడిపోతుంది, పనిముట్లకి ఎక్కువగా వాడిన గట్టి రాయి క్వార్ట్‌జైట్ అయితే ఆశ పెట్టుకోవచ్చు.

సీమపిల్లోడు:
నాపరాయి కాదన్నా, బాగా గట్టిది, గోధుమ రంగు. ఒక వైపు ఏడు మచ్చలు, ఇంకో వైపు నాలుగు, అన్నీ అంచు నుంచి లోపలికే పోయినాయి. ఒక్కచోట మాత్రం తెల్లగా కొత్తగా ఉండాది.

తవ్వకాల_అక్క:
ఆ తెల్లది నాగలో ట్రాక్టరో తగిలిందయి ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకు. మిగతా మచ్చలన్నీ ఒకే రంగుకి తిరిగి ఉంటే మంచి గుర్తు. నేను చదువుకునేటప్పుడు కంకర కుప్పలోంచి ఒకటి ఏరుకొచ్చి పనిముట్టే అని వాదించాను, ఉబ్బు ఉంది, అలలు ఉన్నాయి, కానీ అంచులన్నీ తాజా, క్రషర్ దెబ్బకి కూడా అవన్నీ వస్తాయని అప్పుడు తెలిసింది. అందుకే రాయి కంటే అది ఉన్న చోటు ముఖ్యం అంటాను. 1863లో చెన్నై దగ్గర పల్లావరంలో బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకి మన దేశపు మొదటి పాత రాతియుగం పనిముట్టు దొరికింది కూడా గరప మట్టి గుంటలోనే. మీ జిల్లాలోనే జ్వాలాపురంలో, దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు పడిన బూడిద పొర కిందా పైనా పనిముట్లు దొరికాయి, ఆ బూడిద లేకపోతే రాళ్లని చూసి అంత వయసు ఎవరు చెప్పగలరు? కాబట్టి బ్రష్ పెట్టి రుద్దొద్దు, గట్టు తవ్వొద్దు, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, లొకేషన్ సేవ్ చేసుకుని పురావస్తు శాఖ వాళ్లకి చూపించు.

సీమపిల్లోడు:
సరే అక్కా, పొద్దున్నే పోయి తీస్తా. ఇంకోటి, అదే మన్నులో అదే రంగువి బొటనవేలంత పెచ్చులు మూడు నాలుగు కనపడినాయి, పనికిరావని వదిలేసినా.

తవ్వకాల_అక్క:
అయ్యో అవే అసలు ముఖ్యం! వాటికి కూడా ఉబ్బు ఉంటే అక్కడే కూర్చుని చెక్కారేమో. ముట్టుకోకుండా ముందు వాటి ఫొటో పెట్టు.